గుమ్మటం కింద మేస్త్రి

బెల్లంపల్లిలో మా చర్చికి గుమ్మటం కట్టిన మేస్త్రికి అంకెలు చదవడం రాదు. ఇటుకల బరువు, గోడ మందం లెక్కగట్టి నేను కాగితం చూపిస్తే, ఆయన కాగితం చూసేవాడు కాదు. నా ముఖం చూసేవాడు.

"మల్లొక్కపారి చెప్పు సారూ," అనేవాడు. చెప్పాక తలూపి పనిలోకి పోయేవాడు.

నావి ఏ కాలేజీలోనూ చదవని, పుస్తకాలు చూసి నేర్చుకున్న లెక్కలు. నా బెంగ చూసి పాస్టరుగారు మాల్టా దీవి సంగతి చెప్పారు. వెనకటి కాలంలో అక్కడ పట్టా లేని ఒకాయన, కింద గుంజలు పెట్టకుండానే పెద్ద చర్చి గుమ్మటం కట్టించాడట.

"గాయిన గట్టోడు సారూ. మనం గుంజలు పెట్టుకుందాం," అన్నాడు మేస్త్రి.

గుంజలు తీసే రోజు వచ్చింది. వచ్చే ఆదివారం అరవై మంది ఆ గుమ్మటం కిందే కూర్చోవాలి. పొద్దున్నుంచి మూడుసార్లు లెక్క చూశాను. మూడుసార్లూ ఒకటే జవాబు. అయినా కాగితం మడిచి జేబులో పెట్టలేకపోయాను.

మేస్త్రి కూలీలను బయటికి పంపాడు.

"నువ్వు గీడనే ఉండు సారూ. లెక్క నీది గదా."

ఒక్కో గుంజా కొట్టి తీశాడు. చివరిదాని దగ్గర సుత్తె ఎత్తి ఆగాడు.

"భయమైతుందా?"

"అయితుంది."

"లెక్క తప్పిందా?"

"తప్పలే."

కొట్టేశాడు. కాస్త సున్నం పొడి రాలింది. తలుపు బయట నిలబడ్డ కూలీలతో పాటు నేనూ పైకి చూశాను. గుమ్మటం కదల్లేదు.

తల దించేసరికి, మేస్త్రి ఇంకా నా ముఖమే చూస్తున్నాడు.