బాపు మోకాలికి నేను కట్టిన పిలుపు

మోకాలి ఆపరేషన్ తర్వాత మా బాపు మళ్లీ బొగ్గు గనిలోకి దిగాలంటే కాలు బాగా మడతపడాలి. డాక్టర్ల పరీక్ష సోమవారం. అందులో నెగ్గకపోతే గని పైన ఆఫీసులో కూర్చునే పనే ఇస్తారు. అది ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. అందుకే శనివారం బెల్లంపల్లి నుంచి గోదావరిఖనిలోని ఫిజియోథెరపీ కేంద్రానికి బయలుదేరాం. పాటలు వింటూ వ్యాయామం చేస్తే నొప్పి తక్కువ తెలుస్తుందని చదివి, హుషారైన పాటలన్నీ ఫోన్లో ఎక్కించుకున్నాను.

పొద్దున ప్యాసింజర్ ఎక్కితే మంచిర్యాల దాటగానే గోదావరి వంతెన వస్తుంది, సుమారు గంటలో రామగుండంలో దిగొచ్చు. స్టేషన్ బయటే షేర్ ఆటోలుంటాయి. బిగుసుకున్న కాలు చూసి డ్రైవర్ వెనక సీటు ఖాళీ చేయించాడు. "సాపుకొని కూసో కాకా. కాలుకు వేరే కిరాయి అడుగ తియ్," అన్నాడు.

కేంద్రంలో బాపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను. ఫిజియోథెరపీ చేసే మేడం కాలు వంచడం మొదలుపెట్టగానే పీకేశాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ పీకాడు.

"పాటలు నచ్చలేదా బాపూ?"

"పాటలకేమైంది బిడ్డా. చెవులు మూస్తే బెదురైతది. గని లోపల పైకప్పు కూలుతదేమోనని కట్టెతోని కొట్టి చప్పుడు ఇనుకుంటనే ఉంటం గదా."

కాలు సగంలోనే ఆగిపోయింది. మేడం మంచం మీద ఒక గీత గీసి, "ఇంకొంచెం వంగాలండీ, మడమ ఇక్కడిదాకా రావాలి," అన్నారు. బాపు పళ్లు బిగించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గనిలో బరువైన పైపులు లేపేటప్పుడు ఒకరు అప్పటికప్పుడు ఏదో ఒక మాటతో పిలుపు కడితే, మిగతావాళ్లు ఐసా అంటూ ఒక్కసారే బలం పెడతారు. బాపు గ్యాంగులో కట్టేది ఆయనే. నేను గొంతు సవరించుకున్నాను.

"మడువర అన్నా..."

బాపు నా వైపు చూశాడు. "ఐసా," అన్నాడు మెల్లగా. కాలు కదిలింది.

"సారు చాయ్ తాగిండు..."

"ఐసా."

"అమ్మకు తెలిస్తే నవ్వుతది..."

"ఐసా!"

పక్క మంచం మీది అవ్వ కూడా అందుకుంది. మడమ మేడం గీసిన గీతను దాటింది. "ఇలా వంగితే సోమవారం భయం లేదండీ," అన్నారు మేడం.

మాటలు కట్టడమంటే ఈ మధ్యే పిచ్చి పట్టింది నాకు. రాసుకుంటాను, చింపేస్తాను. ఆ రోజు నా మాటలకు మా బాపు కాలు కదిలింది. అంతకన్నా పెద్ద మెప్పు నాకు ఇంకేం కావాలి? ఆయన మాత్రం తిరుగు రైల్లో ఒక తప్పు పట్టాడు. "మంచిగనే కట్టినవ్ గని, జల్ది జల్ది అంటున్నవ్. ఊపిరి తీసుకోనియ్యాలె. రేపు ఇంటికాడ మల్ల చేద్దాం." మీరూ ఎవరినైనా ఇలా తీసుకెళ్తే, పాట ఎంచుకునే ముందు వాళ్లు పనిలో ఏం విన్నారో అడగండి. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఒక ఊపిరికి చోటివ్వండి.