సరళకుమారి తిప్పిన తెర

నోయిడా సెక్టార్ అరవై మూడులో ఉన్న గులాటీ వర్క్‌షాపుకి సరళకుమారి రోజూ తొమ్మిదింటికల్లా చేరుతుంది. చేరేసరికే సగం ఒళ్ళు హూనమై ఉంటుంది. మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కితే నిలబడే రావాలి. దిగాక షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కోవాలి. ఇంట్లో పని అంతకుముందే ఒక విడత అయిపోతుంది. అత్తగారు కరుణమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్ళు. ఒకే పక్కన ఉంచితే వీపు పుళ్ళు పడుతుందని పొద్దున్నే ఆవిణ్ణి ఇంకో పక్కకి తిప్పి, తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించి బయటపడుతుంది. మధ్యాహ్నం ఆ పని కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఆరాధన చూసుకుంటుంది. భర్త సిలాసుకి ఆస్పత్రిలో వార్డు ఉద్యోగం. డ్యూటీ వేళలు వారానికోసారి మారుతుంటాయి. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేది ఆదివారం చర్చి నుంచి వచ్చాకే.

ఆమెది చీరాల. గుంటూరు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక ఒక టీవీల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు సోల్డరింగ్ చేసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక గులాటీ దగ్గర చేరింది. మాల్స్‌లో, కాఫీ షాపుల్లో నిలబడి ఆడుకునే ఆటల మెషిన్లు తయారు చేయించి అమ్మడం గులాటీ వ్యాపారం. లోపలి వైరింగంతా సరళకుమారిది. పైన ప్లైవుడ్ పెట్టె చేసేది పాలమూరు వడ్రంగి హనుమయ్య.

మే నెలలో గురుగ్రామ్ కాఫీ షాపు ఒకటి కొత్తరకం మెషిన్ అడిగింది. పాత ఆటల్లో కొన్ని నిలువు తెర మీద ఆడేవి, కొన్ని అడ్డ తెర మీద ఆడేవి. రెండూ ఒకే పెట్టెలో ఉండాలి. బొత్తాం నొక్కితే తెర దానంతటదే తిరగాలి. గులాటీ సరేనన్నాడు. ఆయన నోట కాదన్న మాట ఎప్పుడూ రాదు. విష్ణువర్ధన్ అనే ఇంజనీర్ని బయట నుంచి పిలిపించాడు. అతను మోటారు బిగించి, దాన్ని నడపడానికి బజారులో దొరికే రెడీమేడ్ బోర్డు పెట్టాడు. మొదటి బోర్డు పొగలు కక్కింది. రెండోది పెడితే తెర ఆగాల్సిన చోట ఆగకుండా తిరిగి, వెనకాల తీగలన్నిటినీ జడలా మెలేసి పీకేసింది. ఆ తర్వాత అతను ఫోను ఎత్తడం మానేశాడు.

మంగళవారం పొద్దున గులాటీ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సరళా దీదీ, శనివారం వాళ్ళ షాపు ఓపెనింగు. అబ్ ఆప్ హీ దేఖో, ఇక మీరే చూడాలి" అన్నాడు.

"నాకు వేరే మూడు పెట్టెలున్నాయి కదా సార్."

"వో బాద్ మే, అవి తర్వాత."

ఆ మూడూ తరవాత ఎవరు చేస్తారో ఆమెకు తెలుసు. ఆ మాట అనడానికి ఓపిక కావాలి.

ముందు మోటారు ఊడదీయించింది. తెరని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పి చూసింది. సగం దాకా మొరాయించింది. సగం దాటగానే చేతుల్లోంచి జారిపోతున్నట్టు కిందికి దిగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. కరుణమ్మని పక్కకి తిప్పేటప్పుడూ ఇదే తీరు. మొదట బలమంతా పెట్టి లేపాలి. సగం దాటాక ఆ ఒళ్ళు తన బరువుతోనే వాలిపోతుంది. అప్పుడు తోయకూడదు, పట్టుకోవాలి. ఇక్కడ మోటారేమో ఆ సగం దాటాక కూడా తోస్తూనే ఉంది.

"హనుమయ్యా, దీన్ని వెనకాల గోడకి తగిలించడానికుండే బొక్కల దగ్గరే బిగించారు. బరువంతా కింది మూల ఉంది. ఇరుసు ఎక్కడ పెట్టాలో చూడకుండా మోటారు పెడితే బోర్డు కాలక ఏమవుద్ది?"

హనుమయ్య తెరని ఒక కర్ర అంచు మీద ఆనించి, అటూ ఇటూ జరిపి, బరువు సరితూగిన చోట పెన్సిలుతో గీత పెట్టాడు. "రెండు వేళ్ళంత పక్కకు జరపాలె అక్కా. కొత్త పలక కోస్త. రేపు పొద్దుగాల ఇస్త" అన్నాడు.

అతను పలక కోస్తుండగా ఆమె సర్క్యూట్ మొదలుపెట్టింది. రెడీమేడ్ బోర్డు జోలికి పోలేదు. రెండు రిలేలు, అంటే కరెంటు అందితే వాటంతటవే పడే స్విచ్చులు, తీసుకుంది. ఒకటి పనిచేస్తే మోటారు కుడికి, రెండోది పనిచేస్తే ఎడమకి. ఏదీ పనిచెయ్యనప్పుడు మోటారు రెండు తీగలూ ఒకదానికొకటి కలిసిపోయేట్టు కలిపింది. అలా కలిస్తే తిరుగుతున్న మోటారు తనకి తానే బ్రేకు వేసుకుంటుంది. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి పడినా తీగలు కలుస్తాయే తప్ప ఏదీ కాలదు. తెర తిరిగే దారికి రెండు కొసల్లో చిన్న స్విచ్చులు పెట్టింది. తెర చట్రం వచ్చి తగిలితే కరెంటు తెగుతుంది. లోపలి కంప్యూటరు చెప్పినా చెప్పకపోయినా తెగాల్సిందే. వెనక్కి రావడానికి మాత్రం దారి ఉండాలి కనుక ఒక్కో స్విచ్చుకి ఒక్కో డయోడ్ అడ్డంగా వేసింది. కరెంటుని ఒక వైపే పోనిచ్చే పూస అది.

బుధవారం మధ్యాహ్నం కొత్త పలక మీద తెర ఎక్కించి బొత్తాం నొక్కింది. తెర నెమ్మదిగా, ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది. కొసకి వచ్చింది. ఆగలేదు. చెక్కకి కొట్టుకుని మోటారు మూలిగింది. సరళకుమారి ఒక్క ఉదుటున లేచి ప్లగ్గు పీకేసింది.

తప్పు ఎక్కడుందో వెతకడానికి అరగంట పట్టింది. ఒక డయోడ్ తిరగేసి వేసింది. ఆ పూస మీద ఒక కొసన సన్నటి తెల్ల గీత ఉంటుంది. ఆ గీత ఆమెకు కనబడలేదు. కనబడిందనుకుంది. ఫ్యాక్టరీలో రోజుకి వెయ్యి వేసేది. ఒక్కటీ తిరగబడేది కాదు. లైను సూపర్వైజరు కొత్తవాళ్ళకి ఆమె బల్లనే చూపించేవాడు.

సోల్డరింగ్ గన్ను పక్కన పెట్టి మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చుంది. ఏడుపు రాలేదు. మెడ లాగుతోంది. కళ్ళు మండుతున్నాయి. కూలరు నుంచి చప్పుడే తప్ప గాలి రావడం లేదు. హనుమయ్య చాయ్ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు.

"కాలలేదు గద అక్కా. ఇగ సాలు."

"కాలలేదయ్యా. నాకే కనపడలేదు."

"అద్దాలు పెట్టుకోరాదు?"

"పెట్టుకోవాలి. సిలాసు చెబుతానే ఉన్నాడు ఆస్పత్రికి రమ్మని. ఏ రోజు వెళ్ళను?"

హనుమయ్య తన జేబులోంచి కళ్ళజోడు తీసి తుడిచి ఇచ్చాడు. ఒక కాడకి దారం చుట్టి ఉంది. పెట్టుకుంటే తెల్ల గీత స్పష్టంగా కనబడింది. డయోడ్ తీసి సరిగ్గా వేసింది. మిగతా అతుకులన్నీ కూడా ఆ అద్దాలతోనే మళ్ళీ ఒక్కొక్కటే చూసుకుంది. గురువారం యాభైసార్లు తిప్పించింది. యాభైసార్లూ తెర ఆగాల్సిన చోటే ఆగింది.

శనివారం గులాటీ ఆమెను కూడా గురుగ్రామ్ తీసుకెళ్ళాడు. ఏదైనా అయితే అక్కడికక్కడ చూస్తుందని. కాఫీ షాపులో మెషిన్ వెనకాల, గోడకీ పెట్టెకీ మధ్య, నాలుగు గంటలు నిలబడింది. వచ్చినవాళ్ళు ఆటలు ఆడింది తక్కువ. బొత్తాం నొక్కడం, తెర తిరుగుతుంటే వీడియో తీసుకోవడం, మళ్ళీ నొక్కడం. మధ్యమధ్యలో ఆమె చెయ్యి లోపలికి పెట్టి మోటారుని తాకి చూసుకుంది. గోరువెచ్చగా ఉంది. అంతకన్నా వేడెక్కలేదు.

సాయంత్రం షాపు యజమానురాలు వచ్చి, "చాలా బాగుంది. కొంచెం ఫాస్ట్‌గా తిరిగితే ఇంకా బాగుంటుంది కదా?" అని హిందీలో అడిగింది.

"హో జాయేగా మేడమ్" అని అప్పుడే ఒప్పేసుకున్నాడు గులాటీ.

"నహీ హోగా, కుదరదు" అంది సరళకుమారి.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. గొంతు పెంచలేదు. అలసట వల్ల ఆ మాట మెల్లగానే వచ్చింది. "వేగం పెంచితే ఆగేటప్పుడు అదురుద్ది. నెల తిరక్కుండా తీగలు తెగుతాయి. మళ్ళీ వచ్చి చూడాల్సింది నేనే. ఇంతే వేగం" అంది, వచ్చిన హిందీలో.

యజమానురాలు నవ్వింది. "ఠీక్ హై దీదీ. మా మిగతా షాపులకి కూడా ఇలాంటివే ఎనిమిది కావాలి."

గులాటీ మొహం వెలిగిపోయింది. సరళకుమారి ఆ ఎనిమిది తెరల బరువు, పదహారు రిలేలు, పదహారు తెల్ల గీతలు మనసులో లెక్కేసుకుంది. దారిలో ఆయనతో ఒకే మాట చెప్పింది. సోమవారం సెలవు, కళ్ళు చూపించుకోవాలి. ఆయన ఫోనులో లెక్కలు చెబుతూనే తలూపాడు.

ఆయన ఆమెను మెట్రో దగ్గర దింపాడు. రాజీవ్ చౌక్‌లో మారాక సీటు దొరికింది. ఎన్నాళ్ళకో దొరికిన సీటు. యమున దాటేదాకా మెలకువగానే ఉంది. కళ్ళు తెరిచేసరికి బయట నోయిడా సెక్టార్ పదహారు బోర్డు కనబడింది. మయూర్ విహార్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

దిగి ఆరాధనకి ఫోను చేసింది. "నిద్రపోయానే. వెనక్కొస్తున్నా. నాయనమ్మని..."

"కర్ దియా మమ్మీ. పాపా ఔర్ మైనే. ఆప్ ఆరామ్ సే ఆఓ."

కూతురూ సిలాసూ కలిసి కరుణమ్మని తిప్పేశారట, నిదానంగా రమ్మంటోంది. సరేనని ఫోను పర్సులో పెట్టుకుని, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళే మెట్ల వైపు నడిచింది.