టేకు గుంజల ఆఫీసు

జైనూర్ పోయే దారిలో, టేకు అడవి అంచున ఒక విత్తనాల వ్యాపారి ఆఫీసు కట్టుకున్నాడు. దాని లోపలి అలంకరణ నాకు దొరికిన మొదటి సొంత పని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నేనూ అంతే. బయటి అడవిని హాలులోకి తెస్తానని మాటిచ్చాను. ఒక రైతు చేనులో పెంచిన టేకు కొనిపించి, బెరడు తీయకుండా నేల నుంచి పైకప్పు దాకా గుంజలు వరసగా నిలబెట్టించాను. అవి ఏ బరువూ మోయవు, ఒట్టి అందానికే. పచ్చికర్ర, ఇంకా ఆరాలని వడ్రంగి గొణిగాడు. నాకు ఆగే ఓపిక ఎక్కడిది?

ప్రారంభానికి మా బాపును నస్పూర్ నుంచి తీసుకొచ్చాను. బొగ్గుబాయిలో తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు ఆనించడమే బాపు చేసిన పని. కప్పు కూలబోయే ముందు గుంజ చప్పుడుతో చిట్లుతుంది. కర్ర మాట్లాడుతుందంటారు బాయిలో. నా పనేమిటో మాత్రం ఆయనకెప్పుడూ అర్థం కాలేదు. బొమ్మలేస్తదని చుట్టాలకు చెప్పేవాడు. ఆ ఒక్కరోజు చూసి, మంచిగున్నదంటే చాలనుకున్నాను.

బాపు గడపలోనే ఆగిపోయాడు. తర్వాత ఒక్కో గుంజకూ చెయ్యి ఆనించి, పైకి చూస్తూ నడిచాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, జర బయట ఉంటనన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టి లోపలే నిలబెట్టాను.

యజమాని మాట్లాడుతుండగా, ఏసీ గాలికి కాబోలు, ఒక గుంజ టప్పుమని చిట్లింది.

"ఉరుకుండ్రి! కర్ర మాట్లాడుతాంది!"

బాపు గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పక్కనున్న ఇద్దరు ఉద్యోగినులను భుజాలు పట్టి బయటికి నెట్టేశాడు. ఒకామె చేతిలో టీ కప్పు కింద పడి పగిలింది. వెనక ఎవరో నవ్వారు. నా పరువు గంగలో కలిసింది.

తిరుగు దారంతా తిట్టాను. ముసలితనమన్నాను, చాదస్తమన్నాను. బాపు కారు అద్దంలోంచి చెట్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆసిఫాబాద్ దాటాక నోరు విప్పాడు.

"గా దినం గూడ గిట్లనే మాట్లాడింది బిడ్డా. నాకు ఇనబడ్డది. నేను ఉరికిన. ఎనకున్నోనికి చెప్పలే. నోరు తెరిచి ఒర్రలే."

ఏ దినమో అడగనక్కర లేదు. నా చిన్నప్పుడు బాపు జతగాడు బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. చప్పుడు ఎవరికీ వినబడలేదని, బాపు బతకడం దేవుడి దయ అని మా ఇంట్లో అందరం నమ్మాం. కారు పక్కకు ఆపాను. నిజంగా భయమేసింది నాకు, పక్కన కూర్చున్న బాపును చూసి.

ఆ జతగాడి భార్యను నేను పెద్దమ్మ అంటాను. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంట్లో చాయ తాగిపోవడం ఆమె అలవాటు. మొన్న కూడా వచ్చింది. ఆమెకు ఒకటే రంది, ఒకటే దిగులు. చాయ తాగుతూ ఎప్పటిలాగే బాపును అడిగింది, ఆఖరుకు మా ఆయనకు ఏమన్న ఇనబడ్డదంటవా అని.

బాపు పెదవులు కదిలాయి. చెప్పేస్తాడనిపించింది.

"ఎవ్వలకు ఇనబడలే పెద్దమ్మా," అన్నాను నేను.