రాజమణి మేడం ఒప్పుకోని సంతకాలు

అబుదాబి ఐకాడ్ పారిశ్రామికవాడలో మా ల్యాబు తలుపు తీయగానే తడి సిమెంటు వాసన ముక్కుకు కొడుతుంది. లోపల యంత్రం కింద కాంక్రీటు దిమ్మ టప్పున పగులుతుంది. ఆ రెండూ కలిస్తే చాలు, నాకు రాజమణి మేడం గుర్తొస్తారు. జగిత్యాల మనిషి. ఇక్కడికి దగ్గర్లోని ముసఫ్ఫాలో నేను మొదట చేరిన ల్యాబుకు ఆవిడే మేనేజరు. సైట్ల నుంచి వచ్చే దిమ్మలను పగలగొట్టి, ఆ కాంక్రీటు ఎంత బరువు మోస్తుందో చెప్పడం మా పని. మేం బాగుందంటే భవనం లేస్తుంది, బాగాలేదంటే కట్టింది కూల్చాలి. అందుకే మా ల్యాబును ప్రేమించే కాంట్రాక్టరును నేనింతవరకు చూడలేదు. మేడంకు భయపడని కాంట్రాక్టరును కూడా చూడలేదు.

2021లో కంపెనీ మనుషుల్ని తగ్గించడం మొదలుపెట్టింది. ఆ జాబితాలో సమీర్, అతని భార్య హాలా ఉన్నారు. ఇద్దరూ సిరియా వాళ్లు, మాతోపాటే టెక్నీషియన్లు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది. మాకైతే టికెట్టు తీసుకుని ఇంటికి పోవడమే. వాళ్లకు అలెప్పోలో ఇల్లు మిగల్లేదు, అడుగుపెడితే సమీర్‌ను సైన్యంలోకి లాక్కుపోతారు. సరిగ్గా అప్పుడే కెనడా నుంచి మెయిలు వచ్చింది. ఒకప్పుడు మా ల్యాబులోనే పనిచేసి అక్కడ స్థిరపడిన అయిదుగురు, ఒక చర్చితో కలిసి ఈ ఇద్దరినీ శరణార్థులుగా కెనడా రప్పించడానికి హామీదారులుగా ఉంటామన్నారు. మా నుంచి అడిగింది ఒకటే. ఇక్కడ కలిసి పనిచేసినవాళ్లు వీళ్ల పని గురించి రాసి సంతకాలు పెట్టాలి. గడువు రెండు వారాలు. అది చదివి నేను నిజంగానే కుర్చీలోంచి గంతేశాను.

మా ల్యాబుల వాళ్లకూ, సైట్లలో నాణ్యత చూసేవాళ్లకూ కలిపి ఒక తెలుగు సంఘం ఉండేది. ఆ శుక్రవారం ఒక హోటలు మేడ మీద అందరం కూర్చున్నాం. సంఘం అధ్యక్షుడు, ఒక కాంట్రాక్టరు దగ్గర నాణ్యత చూసే ప్రభాకర్ గారిది భీమవరం. బిర్యానీ రాకముందే ఆయన లేచారు.

"మనోళ్లు పదిమంది పనుల్లేక రూముల్లో కూర్చున్నారండి. కెనడావోళ్లు ముందు మనోళ్లకి చెయ్యాలా, సిరియావోళ్లకి చెయ్యాలా? పైగా ఆ సమీర్ మాట నా దగ్గర ఎత్తకండి."

సగం మంది తలలూపారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ పదిమందిలో నా రూమ్మేటూ ఒకడు.

"మనోళ్లకు గూడ జేద్దాం సార్," అన్నారు మేడం. "కానీ మనోళ్లకు పోనీకి ఇల్లున్నది. గీళ్లకు లేదు. యల్లా, ఎవలు రాస్తరో చెయ్యి లేపుండ్రి."

తొమ్మిది చేతులు లేచాయి. నేను ఆ ఊపులోనే ఒక ఉత్తరం తయారుచేసి, మరో వారం తిరక్కుండా తొమ్మిది సంతకాలూ పట్టేశాను. ఒక్కరూ చదవలేదు. అందులో సమీర్‌ను సీనియర్ ఇంజనీరును చేశాను. గల్ఫుకు వచ్చే మాలో చాలామంది అనుభవపత్రాలు అలాగే ఉంటాయి. హెల్పరు టెక్నీషియన్ అవుతాడు, టెక్నీషియన్ ఇంజనీరవుతాడు. దాన్ని మేం అబద్ధమనుకోం, సాయమనుకుంటాం. నెత్తిన పెట్టుకుని ఊరేగినంత సంబరంగా ఆ కాగితం మేడంకు ఇచ్చాను.

"సమీర్ ఇంజనీర్ ఎప్పుడైండయ్యా?"

"అందరికీ ఇలాగే రాస్తాం కదండీ."

"నీకు నాకు దొరికితే నౌకరి పోతది. ఇంటర్వ్యూల గీ ముక్క దొరికితే గాయినకు పోనీకి ఇంకో దేశం లేదు. ఖలాస్."

తొమ్మిది సంతకాలూ ఆవిడ నా కళ్లముందే చించేశారు. ఎవరు ఏం చూశారో అదే, ల్యాబుకు వచ్చి తమ చేత్తో రాయాలన్నారు. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

మర్నాడు శుక్రవారం, ల్యాబు పెళ్లివారిల్లయింది. హాలా పుదీనా టీ కాస్తోంది, దిమ్మలు పోసే అచ్చుల పెట్టెల మీద కూర్చుని మావాళ్లు పరీక్ష రాసినట్టు రాస్తున్నారు. తొమ్మిదిమందిలో ఆరుగురే వచ్చారు. మిగతావాళ్లకు సొంత మాటలతో రాయాలంటే భయం. అంతలో ప్రభాకర్ గారు విసురుగా లోపలికి వచ్చారు.

"ఆ కాగితం చించేశారంట. మంచి పని చేశారు. అతను ఇంజనీరేంటండి? మఫ్రఖ్‌లో నా సైటు స్తంభాలు పగలగొట్టించిన మనిషి! దిమ్మ ఫెయిలన్నాడు. ఒక్క అంకె మార్చు బాబూ అని బతిమాలాను. మార్చలేదు. మా ముదీర్, అదే మా మేనేజరు, నన్ను అందరిముందూ తిట్టాడు."

మేడం లేచి తన కుర్చీ ఆయనవైపు జరిపారు.

"గదే రాయుండ్రి సార్."

"ఏదండి?"

"గిప్పుడు జెప్పింది. తగ్గియ్యొద్దు, పెంచొద్దు."

తెలుగు ఒక్క ముక్క తెలియని సమీర్, అతిథి వచ్చాడని టీ తెచ్చి చేతికిచ్చాడు. ప్రభాకర్ గారు ఆ టీ తాగారు, కూర్చున్నారు, రెండు పేజీలు రాశారు. అంకె మార్చమని తానే అడిగానని కూడా రాసుకున్నారు. ఆఖరి వాక్యాలు నాకు కంఠతా వచ్చు. "అప్పుడు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆ భవనంలో ఇప్పుడు జనం కాపురముంటున్నారు." నాకు ఒళ్లు పులకరించింది. ఆయన్ను పట్టుకుని కౌగిలించుకున్నాను. విదిలించుకున్నారు గానీ, మరీ గట్టిగా కాదు.

ఆ ఉత్తరాలు చూపించే మేడం కంపెనీతో పోట్లాడి ఆ ఇద్దరి ఉద్యోగాలు, ఇక్కడి వీసాలు నిలబెట్టారు. ఏడాదిన్నర తర్వాత కెనడావాళ్ల ఇంటర్వ్యూ జరిగింది. ఆఫీసరమ్మ ప్రభాకర్ గారి కాగితం పట్టుకుని, "ఈయనకు మీరంటే ఇష్టం లేనట్టుంది?" అని అడిగిందట. అవును, లేదన్నాడట సమీర్. ఆవిడ నవ్వి ఫైలు మూసిందట. కెనడా వీసాలు వచ్చిన రోజు ల్యాబంతా కేకలు, ఈలలు. హాలా మేడంను పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఆ సందడిలోనే నాకు తెగింపు వచ్చింది. మేడం గదిలోకి వెళ్లి చెప్పేశాను. నేను చేరినప్పుడు ఇచ్చిన పత్రంలో అయిదేళ్ల అనుభవమని ఉంది, నిజానికి రెండేళ్లేనని.

"ఎరుకే," అన్నారు. "మొదటి దినమే దిమ్మను యంత్రంల తప్పు దిక్కు పెట్టినవ్ గదా."

"మరెందుకు ఉంచారండీ?"

"రెండోపారి సక్కగ పెట్టినవ్. నువ్వే జెప్తవని జూస్తున్న. ఆరేండ్లు వట్టింది."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ రోజంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. మేడం రిటైరై వెళ్లాక, ఈ ఐకాడ్ ఉద్యోగానికి బయోడేటాలో ఆ లేని మూడేళ్లు తీసేసే రాశాను. తీసుకున్నారు. ఇప్పుడు రెండేళ్లను అయిదేళ్లని రాసుకుని కొత్త కుర్రాళ్లు నా దగ్గరికీ వస్తుంటారు. నేనేమీ అనను. దిమ్మ చేతికిచ్చి, రెండోసారి ఎలా పెడతారో చూస్తాను.