గురి లేని తుపాకీ

మిలిసావ్ రోజూ పొద్దున్నే తన ఒంటి గొట్టం తుపాకీని ఒళ్లో పడుకోబెట్టుకుని, పసిబిడ్డకు రాసినట్టు నూనె రాస్తాడు, రాసినంతసేపూ తిడతాడు. గొట్టం మూతి అరిగి వదులైపోవడంతో పేల్చిన చిన్నచిన్న గుళ్లన్నీ చాపంత మేర చెదిరిపోతాయి, కుందేలు మాత్రం తాపీగా పొదలోకి పోతుంది. మూతి బిగించాలా, అమ్మెయ్యాలా అని ఏడాదిగా ఊగిసలాడి, మొన్న శనివారం బిగించడానికే నిశ్చయించుకుని పట్నం బయలుదేరాడు. దారిలో పెళ్లివారు ఆపేశారు. పెళ్లికూతురి ఇంటిముందు చిటారుకొమ్మకు కట్టిన ఆపిల్‌ను కొట్టి రాల్చందే వరుణ్ణి గుమ్మం ఎక్కనివ్వరు. పెళ్లికొడుకు ద్రాగుటిన్ కొత్త తుపాకీతో ఇందాకట్నుంచీ ఆకాశాన్నే కొడుతున్నాడు.

“బాబాయ్, నీది ఇలా ఇయ్యి!” అని లాక్కుని పేల్చాడు. ఒక్క దెబ్బకు ఆపిలూ, కొమ్మా, బుట్టెడు ఆకులూ జనం నెత్తిన రాలాయి. బాకాలు మోగాయి.

“ఇంతకీ ఎక్కడికి బయల్దేరావు అన్నయ్యా?” అంది పెళ్లికూతురి తల్లి.

“దీని మూతి బిగించడానికమ్మా. గురి కుదురుతుంది.”

“కుదిరిందంటే ఊరుకోను! మా చిన్నదాని పెళ్లి ఇంకా ఉంది. మన ఊరి కుర్రాళ్ల గురి నీకు తెలీదూ?”

అందరూ పగలబడి నవ్వారు. పెళ్లికొచ్చిన చుట్టాలకు మర్యాదగా కట్టే పూల తువ్వాలు ఒకటి పెళ్లికూతురు తెచ్చి తుపాకీ గొట్టానికి కట్టింది. మర్నాడు పొద్దున మిలిసావ్ మళ్లీ నూనె రాస్తూ తిట్టాడు. తువ్వాలు మాత్రం విప్పలేదు.