శుభవార్త చెప్పి చూసుకున్నావిడ

సికింద్రాబాద్ స్టేషన్‌లో, ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో, బురఖా వేసుకున్న ఒకావిడ నన్ను అడిగింది. "మేడం, జెర మీరు నా దగ్గర పనిచేసే పిల్ల లెక్క కూర్చుంటరా? ఒక మాట చెప్పి చూస్త."

బన్సీలాల్‌పేట్‌లో ఆవిడకు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందట. పనిచేసేది తొమ్మిది మంది ముస్లిం అమ్మాయిలు. ఆవిడ ఉందన్న ధైర్యంతోనే ఇళ్లల్లో వాళ్లను పనికి పంపిస్తున్నారట. బెంగళూరు వెళ్లి ఆ కంపెనీ అమ్మకానికి సంతకం పెట్టి, పొద్దున్నే ఇక్కడ రైలు దిగింది. ఆఫీసు పక్కనే ఉన్నా, ఆ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక ఇక్కడే కూర్చుంది.

నేను తలూపాను. ఆవిడ లేచి నిలబడింది.

"శుభవార్త. మన కంపెనీని పెద్ద కంపెనీ కొన్నది. అందరి నౌకరీలు ఉంటయి. ఆఫీసు మాదాపూర్‌కు మారుతది."

నవ్వుతూనే చెప్పింది. చేతుల్లో రైలు టికెట్ మాత్రం ముక్కలైపోతోంది. ఆ చేతులు చూస్తుంటే నాకే భయమేసి అడిగేశాను.

"మీరు కూడా అక్కడికి వస్తారా మేడం?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. టికెట్ ముక్కలు గుప్పిట్లో మూసి అంది. "ఇంకోసారి చెప్త. ఈసారి అది అడగొద్దు."

పదిహేనేళ్లు దాటింది. మొన్న నేను పనిచేసే స్కూలు యజమాని మా టీచర్లందరినీ పిలిచి, శుభవార్త అన్నాడు. నేను ఆయన చేతులు చూశాను.