చదివేవాడి పేరు

మా డీన్ గారు పోయారన్న కబురు మంగళవారం ఉదయం నేను ల్యాబ్‌లో ఉండగా తెలిసింది. యూనివర్సిటీ గ్రూపులో పాస్టరు గారు పెట్టిన సందేశం: "మన ప్రియమైన డీన్ గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." చదవగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. స్టాఫ్ మీటింగుల్లో ఎవరైనా కునుకు తీస్తే వాళ్ళ బల్ల మీద టకటకా కొట్టి, "ఏటి బాబూ, రాత్రి వేటకెల్లినావా?" అని లేపే మనిషి ఆయన. కోతల పండుగ ఇంకా పంతొమ్మిది రోజులు ఉండగా ఆయన నిద్రించడమేమిటి?

ఆ కోపం అర్థం కావాలంటే ముందు ఆ పండుగ సంగతి చెప్పాలి. మాది చర్చి వాళ్ళు నడిపే యూనివర్సిటీ. నేను పాతపట్నం పక్క రైతుల ఇంటి పిల్లని. మా వంశంలో చర్చి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే, అదీ ఉద్యోగం కోసం. కోతలు అయ్యాక ఒక ఆదివారం ఇక్కడి చుట్టుపక్కల విశ్వాసులు తమ తొలిపంట తెచ్చి ఆరాధనలో బల్ల మీద పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఇది చాలా చర్చిల్లో ఉన్నదే. మా క్యాంపస్‌లో మాత్రం డీన్ గారు దానికి ఒక ఆనవాయితీ కలిపారు. ఆ ఏడాది అధ్యాపకులు పండించింది కూడా అదే బల్ల మీద పెట్టాలి. థీసిస్ వస్తే థీసిస్, పుస్తకం వస్తే పుస్తకం, పత్రం అచ్చయితే పత్రం. ఒకసారి ఫిజిక్స్ వాళ్ళ పత్రం మీద కోడిపుంజు రెట్ట వేస్తే, "సమీక్ష కూడా అయిపోనాది, ఇంకేటి కావాల?" అన్నారాయన. చాపెల్ అంతా నవ్వింది, పాస్టరు గారితో సహా.

తర్వాత ఆయన జాబితా చదివేవారు. పేరు, ఆ మనిషి చేసిన పని, అంతే. పొగడ్త ఉండదు. చదివాక కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, తలెత్తి, ఆ మనిషి కోసం హాలంతా వెతికేవారు. పేరు చదివించుకున్నవాళ్ళు లేచి నిలబడాలి. వాళ్ళ ముఖం కనబడేదాకా ఆయన రెండో పేరుకి వెళ్ళరు. సిగ్గుపడి లేవకపోతే అలా చూస్తూనే ఉంటారు. ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో హాల్లో ఇంకెవరూ లేనట్టు చూసేవారు. నేను చేరిన మొదటి ఏడు ఆ చూపు ఇంకొకరి మీద పడుతుంటే చూసి, నాకూ కావాలనుకున్నాను. ఆశ అంటే అది.

ఆయన భావనపాడు దగ్గర మత్స్యకారుల కుటుంబంలో పుట్టారు. లెక్కలు చెప్పేవారు. ఎంత పెద్ద పదవిలో ఉన్నా పదకొండు కొట్టేసరికి స్టీలు ఫ్లాస్కు పట్టుకుని ఒక్కో డిపార్టుమెంటు గడప ఎక్కేవారు. పరిశోధన ఎంతవరకు వచ్చింది అని అడగరు. "వల ఏసినావా అమ్మా?" అని అడుగుతారు. వేశానంటే తలూపి వెళ్ళిపోతారు. లేదంటే ఫ్లాస్కు మూతలో ఇంత టీ పోసి నా ముందు పెట్టి, తాగేదాకా నిలబడతారు. సలహా మాత్రం ఇవ్వరు. అది నాకు చిరాకుగా ఉండేది, ఇంత చదువుకున్నాయన ఒక్క సలహా ఇస్తే ఏం పోతుంది అని.

నా పరిశోధన చోళ్ళ మీద, అదే రాగుల మీద, వాటికి వచ్చే అగ్గితెగులు మీద. మా నాన్న పొలంలోనే చిన్న చిన్న మళ్ళు కట్టి, ఏ మడిలో ఏ రకమో కర్రలు పాతి రాసుకుని, రెండో ఏడు పంట కోతకొచ్చేదాకా కంటికి రెప్పలా చూసుకున్నాను. ఆ వారం తుఫాను హెచ్చరిక వచ్చింది. నేను క్యాంపస్‌లో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. మా నాన్న మబ్బు చూసి, కూతురి పంట తడిసిపోతుందని, ఇద్దరు మనుషుల్ని పెట్టి మొత్తం కోసేశాడు. అన్ని మళ్ళూ కలిపి ఒకే కళ్ళంలో నూర్చి, బస్తాకెత్తి, నాకు ఫోన్ చేశాడు. "ఒసే, నీ పంట ఒక్క గింజ తడవనీనేదు నాను" అన్నాడు సంబరంగా. ఏ రకం ఏదో ఇక ఆ దేవుడు కూడా విడదీయలేడు. ఏడాది పని ఒక బస్తాలో పడింది. మా నాన్నని ఒక్క మాట అనలేకపోయాను. "మంచి పని చేశావు నాన్నా" అని ఫోన్ పెట్టేసి స్టోర్ రూములో కూర్చుని ఏడ్చాను.

ఆ ఏడు కోతల పండుగకి రానని డీన్ గారికి చెప్పాను. బల్ల మీద పెట్టడానికి ఏమీ లేదు, నా మానాన నన్ను వదిలేయమన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన విని, "వల కాళీగా వచ్చిందని ఎవడైనా ఒడ్డుకి రావడం మానీసినాడేటి?" అన్నారు. "సముద్రంలో ఉండిపోతాడా? రావాల. వచ్చి ఒడ్డున కూకోవాల. ఆ బస్తా పట్టుకురా."

పట్టుకెళ్ళాను. జాబితా చివర్లో నా పేరు చదివారు. పేరు తర్వాత పని చదవాలి కదా. కాగితం వైపు చూసి, అందరి థీసిస్‌లూ పుస్తకాలూ చదివిన ఆ గొంతుతోనే, "ఒక బస్తా చోళ్ళు" అన్నారు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు పైకి తోసి నా కోసం వెతికారు. నేను లేవలేదు. ఆయన చూస్తూనే ఉన్నారు. చివరికి లేచాను. వేలంలో ఆ బస్తా ఆయనే పాడుకున్నారు. ఆయన భార్యని మేమంతా పెద్దమ్మ అంటాం. బడిలో టీచరుగా చేసి రిటైరయిన మనిషి, మొహమాటం ఎరగదు. తర్వాత ఎప్పుడు కనబడ్డా, "నీ పుణ్యమా అని ఏడాదంతా మా ఇంట్లో అంబలేనమ్మా" అని దెప్పేది.

మధ్యలో ఒక ఏడాది వైస్ ఛాన్సలర్ కుర్చీ ఖాళీ అయితే ఆయనే ఇన్‌చార్జిగా నడిపారు. పెద్ద గదిలోకి మారమంటే మారలేదు, కిర్రుమనే ఫ్యాను ఉన్న పాత గదిలోనే కూర్చున్నారు. కొత్తగా చేరిన లెక్చరర్ల క్లాసుల్లో ఆఖరి బెంచీలో కూర్చుని నోట్సు రాసుకునేవారు, తనకి రాని పాఠమైతే సందేహం కూడా అడిగేవారు. మాకు ఎన్నడూ లేనంత పండిన ఏడాది అది. అప్పుడే పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. నివేదికలో 'నాయకత్వ విజయాలు' అన్న పేజీ ఖాళీగా ఉండడం చూసి, ఇక్కడ మీరేమీ రాయలేదే అని అడిగారు. "రాశానండీ. తర్వాతి పేజీలన్నీ అవే" అన్నారు డీన్ గారు. ఆ పేజీల నిండా మా పేర్లు ఉన్నాయి. ఆయన పేరు ఎక్కడా లేదు.

కోతల పండుగ జాబితాలోనూ అంతే. ఆయన లెక్కల పుస్తకం అచ్చయిన ఏడు కూడా దాన్ని బల్ల మీద పెట్టలేదు. భోజనాల దగ్గర పెద్దమ్మ అందరిముందూ అడిగేసింది. "ఊరందరి పేర్లూ సదువుతావు, నీ పేరేదీ? నాను వచ్చి ఆఖరి వరసలో కూకున్నది ఎందుకేటి?"

"సదివేవోడి పేరు సదవకూడదే" అన్నారాయన, పప్పన్నం కలుపుకుంటూ. "నాను మొదటి నుంచీ నిలబడే ఉన్నాను గదా. ఇంకేటి నిలబడతాను?"

పెద్దమ్మ మూతి తిప్పుకుంది. అది మా క్యాంపస్‌లో నియమం అయిపోయింది. ఆయన ఊరెళ్ళి ఇంకెవరైనా చదవాల్సి వచ్చినా, వాళ్ళూ తమ పేరు దాటేసేవారు.

నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళు, కర్రలు, రాసుకోవడం. ఈసారి మా నాన్న తనంతట కొడవలి ముట్టుకోలేదు, నేను కోయమన్నా రెండుసార్లు అడిగి గానీ కోయలేదు. ఏళ్ళు పట్టింది. ఈ ఏడాదే నా వైవా అయింది. అప్పటికి డీన్ గారు శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నారు. బయటికి రాగానే ఫోన్ చేశాను. పెద్దమ్మ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.

"పండిందేటి?" అన్నారు. గొంతు బాగా నీరసంగా ఉంది.

"పండింది సార్."

"మంచిది."

అంతే. అన్నేళ్ళకి ఒక్క ముక్క. నేను సిగ్గు విడిచి అడిగాను, డాక్టరమ్మా అని ఒక్కసారి పిలవండి సార్ అని.

"ఇప్పుడు పిలిస్తే ఆరోజు సప్పగా ఉంటాది. బల్ల కాడ సదువుతాను, అందరిలోనూ. నువ్వు లెగిసి నిలబడు. నాను సూస్తాను."

అదే ఆయనతో నా ఆఖరి మాట. ఆయన పోయాక పండుగకి పంతొమ్మిది రోజుల లెక్క మిగిలింది. దాచిపెట్టిన మాట దాచిపెట్టినట్టే పట్టుకెళ్ళిపోయారు. ఒక్క మాట ముందే అనేస్తే ఆయన సొమ్మేం పోయేది? ఇప్పటికీ నాకు ఆ కోపం తీరలేదు. తీరాలని కూడా లేదు, ఎందుకంటే కోపం ఉన్నంతసేపు ఆయన ఎక్కడో దగ్గర్లోనే ఉన్నట్టు ఉంటుంది.

వాళ్ళ ఊళ్ళో మట్టి చేశారు. ఆ రోజు అక్కడ పడవలు నీళ్ళలోకి దిగలేదు. అందరూ వెళ్ళాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఈపాలి జాబితా నువ్వే సదవాల. మరొకలైతే గబగబా సదివీసి కూకుంటారు. మనిషిని సూడరు. నీకు తెలుసు, ఆ బస్తా ఏడు నువ్వు నిలబడినావు" అంది. నేనే చదివితే నా పేరు ఎవరు చదువుతారు పెద్దమ్మా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఆయన పెట్టిన నియమాన్ని ఆయన పోయిన మొదటి ఏడే తప్పడానికి నాకు మనసొప్పలేదు.

పండుగనాడు మా నాన్న మొదటిసారి చాపెల్‌కి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వచ్చినట్టే చేతులు జోడించి, చిన్న చిన్న మూటలు బల్ల మీద వరసగా పెట్టాడు. "ఈపాలి కలపనేదు. ఏ రకానికి ఆ రకమే" అని నా చెవిలో చెప్పి వెళ్ళి కూర్చున్నాడు. వాటి పక్కన నా థీసిస్ పెట్టాను. గుమ్మడికాయలకీ దానికీ మధ్య కొంచెం చోటు మిగిలింది. ఆయన లెక్కల పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి అక్కడ పెట్టాను, ఎవరినీ అడగలేదు.

జాబితా చదివాను. పేరు, పని. తలెత్తి వెతకడం. అప్పుడు తెలిసింది, అది ఎంత కష్టమో. పై నుంచి చూస్తే ముఖాలన్నీ ఒకటే, ఎవరు ఎక్కడున్నారో దొరకరు. మూడు వరసలు వెతికి, లేచిన మనిషిని పట్టుకుని, వాళ్ళ కళ్ళలోకి చూస్తే, వాళ్ళు ఏడాదంతా మోసినదేదో ఒక్కసారి నా చేతికిచ్చినట్టు ఉంటుంది. ఇదంతా ఆయన ఏటేటా ఒక్కడే మోశారా అనిపించింది. నా పేరు దగ్గరికి వచ్చాను. అచ్చులో స్పష్టంగా ఉంది, పక్కన డాక్టరేట్ అని. ఆ గొంతు కోసం ఒక్క క్షణం చెవులు రిక్కించాను. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను ఆ పేరు దాటేశాను.

జాబితా అయిపోయింది. కింద నేను పెన్నుతో రాసుకున్న ఒక పేరు ఉంది. ఈ ఏడు చదివేవాడు ఆయన కాదు కదా, చదవచ్చు. మా డీన్ గారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చదివాను. పని ఏమిటో రాసుకోలేదు. "ఈ పేర్లన్నీ" అన్నాను.

అలవాటు ప్రకారం తలెత్తి వెతికాను. ఆయన లేరని తెలిసీ వెతికాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆఖరి వరసలో, తలుపు పక్కన, తెల్లచీరలో పెద్దమ్మ ముందు బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. ఒళ్ళోని స్టీలు ఫ్లాస్కు గుండెకి ఆనించుకుని, నిటారుగా నిలబడి, నా వైపే చూసింది. హాలంతా కూర్చుని ఉంది. నిలబడింది మేమిద్దరమే. ఆవిడ కూర్చోలేదు, నేను కళ్ళు తిప్పలేదు. ఆ తర్వాత చదవాల్సిన పేరు లేదు.